ఎవరి బాకీ వాళ్లదే

ఆస్ట్రేలియాలో బడి సంవత్సరం జనవరి ఆఖర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో మొదలై డిసెంబరు మూడో వారంలో ముగుస్తుంది. క్రిస్మస్, మండే ఎండలు, ఆరో తరగతి పిల్లల వీడ్కోలు, బహుమతుల రాత్రి, సిబ్బందికి కృతజ్ఞతలు, అన్నీ ఆ చివరి రెండు వారాల్లోనే వచ్చిపడతాయి. ప్రభుత్వ బడులన్నీ రాష్ట్ర విద్యాశాఖ కింద ఉంటాయి. అయినా పల్లెల్లో నాలుగైదు చిన్న బడులు జట్టుకట్టి ఈత పోటీలూ విహారయాత్రలూ కలిసే జరుపుకుంటాయి. న్యూ సౌత్ వేల్స్‌లో లీటన్ చుట్టుపక్కల, మరంబిడ్జీ నది కాలువల కింద ఉన్న అలాంటి ఒక పల్లె బడిలో తెలుగమ్మాయి సహాయకురాలిగా పనిచేస్తోంది. తరగతి గదిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల పక్కన కూర్చునే ఉద్యోగం. కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్మాస్టరుగా రిటైరైన మేనమామ చుట్టపుచూపుగా వచ్చాడు. ఈ ఇద్దరూ నేను కల్పించిన మనుషులు. వాళ్ల నోట వచ్చే ఏళ్లూ లెక్కలూ కల్పన కాదు.

మావయ్య: నిన్న మీ స్టాఫ్‌రూమ్‌లో ఆ టీ విందుకి నన్నూ కూర్చోబెట్టావు. సంతోషం. కొబ్బరి పొడి అద్దిన ఆ చాక్లెట్ కేకు, దాని పేరేమిటన్నావు?

మేనకోడలు: లామింగ్టన్.

మావయ్య: అది బావుంది. కానీ అమ్మాయ్, ఏడాదంతా చాకిరీ చేసినవాళ్లకి మర్యాద చెయ్యడమంటే ఇంతేనా? ఎవరింట్లోంచి వాళ్లు ఓ పళ్లెం తెచ్చుకున్నారు. ప్రిన్సిపాలమ్మ నిలబడి రెండు నిమిషాలు మాట్లాడింది. తలా ఓ చాక్లెట్ డబ్బా. అయిపోయింది. మా వైపు సన్మానమంటే ఊరు ఊరంతా కదిలొస్తుంది. శాలువా, దండ, జ్ఞాపిక, ఎప్పుడో ఇరవయ్యేళ్ల కిందటి శిష్యులు హైదరాబాద్ నుంచి బస్సెక్కి వచ్చి కాళ్లకి దణ్ణం పెట్టడం. ఇక్కడ గౌరవాన్ని పేపరు ప్లేట్లో పెట్టి చేతికిచ్చినట్టుంది.

మేనకోడలు: ఆ శాలువా మీకు ఎప్పుడు కప్పారు మావయ్యా?

మావయ్య: ఎప్పుడేమిటి, రిటైరైన రోజున.

మేనకోడలు: దానికి ముందు?

మావయ్య: సెప్టెంబరు 5న పిల్లలు పూలూ పెన్నులూ ఇచ్చేవారు. రాధాకృష్ణన్ గారు రాష్ట్రపతి అయిన 1962 నుంచీ ఉన్న ఆచారమే కదా.

మేనకోడలు: ప్రభుత్వం ఇచ్చే ఉత్తమ ఉపాధ్యాయ అవార్డు మీకెందుకు రాలేదు? మీ దగ్గర చదివినవాళ్లు ఇప్పటికీ మీ లెక్కల క్లాసు గురించే చెబుతారు.

మావయ్య: నేను పెట్టుకోలేదు కాబట్టి రాలేదు. నా గొప్పలు నేనే ఫైలు కట్టి, ఫొటోలు అతికించి, మండలం నుంచి జిల్లాకి, జిల్లా నుంచి పైకి తోసుకుంటూ పోవాలా? జాతీయ అవార్డయితే 1958 నుంచీ ఉంది. 2018 నుంచి దానికి టీచర్లే నేరుగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. అడిగి తెచ్చుకునే గౌరవం నాకక్కర్లేదు.

మేనకోడలు: నిన్న మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ దేనికీ దరఖాస్తు పెట్టలేదు. ప్రిన్సిపాల్ ఏమందో మీకు సరిగ్గా వినబడలేదేమో. ఆఫీసులో కూర్చునే ఆవిడ గురించి ఏం చెప్పిందో తెలుసా? జూన్‌లో ఒక పిల్లాడి నాన్నకి ట్రాక్టరు ప్రమాదం జరిగితే, ఆ వారమంతా వాడు ఎవరింటికి వెళ్లాలో, బస్సు ఎక్కడ ఆగాలో, మందులు ఎవరి దగ్గరుండాలో, మొత్తం ఆవిడే చూసుకుందని చెప్పింది. గడ్డి కోసే ఆయన ఆటస్థలం పక్క కంచెలో పిల్లలు చెయ్యి కోసుకునే తీగెని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టి తీసేశాడని చెప్పింది. రెండు నిమిషాలే. కానీ ఒక్కొక్కరి పేరూ, వాళ్లు చేసిన ఒక్కొక్క పనీ. సన్మాన పత్రంలో మీ గురించి ఏం రాశారు?

మావయ్య: విద్యారంగానికి ఎనలేని సేవలు అందించిన... అలాగే ఉంటుంది కదా.

మేనకోడలు: అది మీ పేరు తీసేసి ఏ మాస్టారికైనా చదవొచ్చు.

మావయ్య: చదవొచ్చు, ఒప్పుకుంటాను. అయితే నా మాటకూ జవాబు చెప్పు. ఇక్కడ అందరికీ అన్నీ ఇచ్చేస్తున్నారు. రేపు రాత్రి బహుమతుల కార్యక్రమమని కాగితం చూపించావు. అందులో ప్రతి పిల్లాడికీ ఏదో ఒక సర్టిఫికెట్టు ఉంది. చదివినవాడికి, ఆడినవాడికి, మంచిగా ఉన్నవాడికి, ముందుకంటే మెరుగైనవాడికి. అందరికీ ఇస్తే అందులో విలువేముంటుంది?

మేనకోడలు: ఐదొందల మంది పిల్లలున్న బడిలో మీ మాట నిజం. మా బడిలో పిల్లలు ముప్పైమంది. రెండే గదులు. ప్రిన్సిపాలే ఒక గదిలో పాఠం చెబుతుంది, పాఠం అయ్యాక కాగితాలు చూస్తుంది. ఇంత చిన్నచోట ఒకడికి ఇచ్చి పక్కవాడికి ఇవ్వకపోతే వాణ్ణి అందరూ చూస్తారు. పైగా ఇచ్చేది ఉత్త కాగితం కాదు, ఆ పిల్లాడు ఏం చేశాడో చదివి వినిపిస్తారు. వాళ్ల నాన్నలు పొద్దున్నుంచీ హార్వెస్టర్ మీద గోధుమ కోస్తూ, ఆ దుమ్ము బట్టలతోనే వచ్చి వెనక నిలబడతారు. డిసెంబరు ఇక్కడ కోతలకాలం. అందుకే కార్యక్రమం రాత్రి పెడతారు.

మావయ్య: గోధుమ కోతలకి వచ్చింది, వరి ఇంకా పచ్చగానే ఉంది. దారిలో చూశాను. మా గోదావరి కాలువ గట్టు మీద వెళుతున్నట్టే అనిపించింది. 1924 నుంచీ ఇక్కడ వరి పండిస్తున్నారని మీ ఆయన చెప్పాడు. అది సరే. పిల్లల సంగతి వదిలెయ్. నా అసలు బాధ వేరే ఉంది. ఈ థ్యాంక్స్ అంతా ప్రభుత్వానికి చాలా చవగ్గా పడుతోంది.

మేనకోడలు: అంటే?

మావయ్య: అక్టోబరు ఆఖరి శుక్రవారం టీచర్స్ డే అన్నావు. లోకమంతా 5న చేస్తే ఇక్కడ ఆ రోజుల్లో బడికి సెలవులని చివరికి జరిపారు. మంచిదే. మీలాంటి సహాయక సిబ్బందికి వేరే ఒక వారం ఉందన్నావు. ఇప్పుడు డిసెంబరు. మూడుసార్లు థ్యాంక్స్ చెప్పించుకున్నారు. మరి ఇన్ని థ్యాంక్సులు ఉన్న దేశంలో టీచర్లు రోడ్డెందుకెక్కారు? 2021 డిసెంబరు 7న న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వ టీచర్లు పదేళ్ల తరవాత మొదటిసారి ఒక రోజు సమ్మె చేశారా లేదా? వాళ్ల ఫెడరేషన్ ఆ ఉద్యమానికి ఏం పేరు పెట్టుకుంది?

మేనకోడలు: ‘మోర్ దేన్ థ్యాంక్స్’. మీరు బాగానే చదువుకొచ్చారు.

మావయ్య: మాకు థ్యాంక్స్ చాలదని ఆ పేరులోనే చెప్పారు. అదీ ఎప్పుడు? సరిగ్గా ఈ డిసెంబరులోనే, అందరూ కార్డులూ కేకులూ ఇచ్చే రోజుల్లోనే. నా పక్షం వాళ్లే వాదించి పెట్టారు. రెండు నెలలు తిరక్కుండా మా వాళ్లూ అదే చేశారు. 2022 ఫిబ్రవరి 3, ఛలో విజయవాడ. పీఆర్సీ జీవోలు ఒప్పుకోమని టీచర్లూ ఉద్యోగులూ పోలీసు కంచెలు దాటుకుని వచ్చి ఆ రోడ్డు నింపేశారు. మాకు సెప్టెంబరులో గురువు దైవమని ఉపన్యాసాలు. ఫిబ్రవరిలో హౌస్ అరెస్టు నోటీసులు. చప్పట్లు కొట్టేవాడే జీతం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ముడుస్తాడు. అందుకే నాకు ఈ చాక్లెట్ డబ్బా చూస్తే మంట.

మేనకోడలు: చప్పట్లు కొట్టేదీ జీతమిచ్చేదీ ఒకరే అయితే మీ మంట న్యాయం. ఇక్కడ ఇద్దరూ వేరు. నాకు కార్డు ఇచ్చింది పిల్లాడి తల్లి. జీతమిచ్చేది విద్యాశాఖ. తల్లి బాకీ తల్లి తీర్చింది. శాఖ బాకీ శాఖ మీదే ఉంది. ఆవిడ తీర్చింది కాబట్టి శాఖ బాకీ చెల్లిపోయిందని నేను ఒప్పుకోను. శాఖ తీర్చలేదని ఆవిడ కార్డు వెనక్కి ఇచ్చెయ్యమంటే అదీ ఒప్పుకోను.

మావయ్య: మాట బావుంది. కానీ లోకంలో అలా జరగదు. థ్యాంక్స్ పుచ్చుకున్నవాడు అడగడానికి మొహమాటపడతాడు.

మేనకోడలు: సమ్మె చేసినవాళ్లు మొహమాటపడలేదే! 2023 సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది. కొత్తగా చేరే టీచరుకి ఏడాదికి 85,000 డాలర్లు, పై మెట్టులో ఉన్నవాళ్లకి 1,22,100. ఆ రెండేళ్లూ డిసెంబరులో కేకులు తిన్నారు, రోడ్డూ ఎక్కారు. మా సహాయక సిబ్బంది సంగతి ఇంకా ముందుది. ఆఫీసు పనీ, పిల్లల పక్కన కూర్చునే పనీ చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆడవాళ్ల పని కాబట్టే జీతాలు తక్కువ కట్టారని మా యూనియన్, అదే పబ్లిక్ సర్వీస్ అసోసియేషన్, పారిశ్రామిక సంబంధాల కమిషన్ ముందు కేసు నడిపించి 2019లో గెలిచింది. జీతాలు పెరిగాయి. ఆ వాదన ఎలా నిలబడింది అనుకుంటున్నారు? ఈ పనిలో ఏమేం ఉందో ఒక్కొక్కటీ విప్పి చూపిస్తేనే. పాల పొడి కలపడం, ఇన్సులిన్ చూడటం, కోపంతో కుర్చీ విసిరే పిల్లాడి దగ్గర అరవకుండా నిలబడటం. పనిని పేరు పెట్టి చెప్పడం అక్కడా కావాలి, స్టాఫ్‌రూమ్‌లోనూ కావాలి.

మావయ్య: ఊఁ. మరి నీ సంగతేమిటి? మొన్న రాత్రి మీ ఆయనతో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే విన్నాను. వచ్చే ఏడాది ఉద్యోగం ఉందో లేదో తెలీదన్నావు.

మేనకోడలు: అది విన్నారా.

మావయ్య: పక్క గదే కదమ్మా.

మేనకోడలు: నాది తాత్కాలికం. నేను చూసే పిల్లాడి పేరు మీద వచ్చే నిధులతో నా గంటలు నడుస్తాయి. వాడికి వచ్చే ఏడాది ఎన్ని గంటలిస్తారో ఇంకా చెప్పలేదు. 2023లో ప్రభుత్వం వేలమంది తాత్కాలిక టీచర్లనీ సహాయకులనీ పర్మనెంటు చేసింది. నాలాంటి లెక్కలో ఉన్నవాళ్లు బయటే మిగిలాం. బడి ముగిసే రోజే నా కాంట్రాక్టూ ముగుస్తుంది.

మావయ్య: ఇదీ నేననేది! ఒక చేత్తో చాక్లెట్ డబ్బా, రెండో చేత్తో ఇక వెళ్లిరా అన్న కాగితం. రెండూ ఒకేసారి. ఇంకెందుకు వెనకేసుకొస్తావు?

మేనకోడలు: ఆ కాగితం గురించి కోపం నాకు మీకంటే ఎక్కువే ఉంది. జనవరి అంతా జీతం ఉండదు. ఫిబ్రవరి రెండో వారం దాకా ఫోను చేతిలో పట్టుకుని కూర్చోవాలి. ఇది అన్యాయం, అడుగుతూనే ఉంటాం. కానీ ఒకటి చూడండి. ఆ కార్డు తెచ్చి చూపిస్తాను.

(లోపల్నుంచి మడతపెట్టిన అట్టముక్క తెచ్చింది. పైన నీలం రంగు క్రేయాన్‌తో ఒక బల్ల, బల్ల కింద ఒక గుండ్రటి తల, పక్కన నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్న పెద్ద మనిషి. లోపల తల్లి రాసిన నాలుగు వాక్యాలు.)

మావయ్య: ఈ బల్ల కింద ఉన్నది వాడేనా?

మేనకోడలు: వాడే. ఫిబ్రవరిలో బడికి వచ్చినప్పుడు రోజంతా బల్ల కిందే. ఎవరైనా లాగితే కరిచేవాడు. నేనూ కింద కూర్చున్నాను, ఏమీ మాట్లాడకుండా. మే నెలలో అంచు దాకా వచ్చాడు. ఆగస్టులో అసెంబ్లీకి వరసలో నిలబడ్డాడు, నా చొక్కా అంచు పట్టుకుని. వాళ్లమ్మ ఏం రాసిందో చదవండి. ఇప్పుడు ఆదివారం రాత్రి సోమవారం గురించి ఏడవకుండా నిద్రపోతున్నాడట. ఇంట్లో జరిగే ఈ సంగతి నాకెలా తెలుస్తుంది మావయ్యా? ఏ ఇన్‌స్పెక్టరు చెబుతాడు? నా పని ఎక్కడిదాకా వెళ్లి తాకిందో చెప్పగలిగేది ఆవిడొక్కతే. ఆవిడ చెప్పింది. దీన్ని జీతం పక్కన పెట్టి తూచకండి.

(మావయ్య కార్డు రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.)

మావయ్య: తూచనులే. పిల్లాడి తల్లితండ్రుల దగ్గర బహుమతులు పుచ్చుకోవడమే తప్పని నా పాత పట్టింపు ఒకటుంది, అందుకే ముందు చిరాకుపడ్డాను.

మేనకోడలు: ఇక్కడా పట్టింపులున్నాయి. డబ్బు అసలు తీసుకోకూడదు. విక్టోరియాలో అయితే తల్లితండ్రులు ఇచ్చే కానుక 100 డాలర్లు దాటకుండా చూసుకోవాలి. క్రేయాన్ బొమ్మకి ఎవరూ అడ్డు చెప్పరు. ఇప్పుడు నేనొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకూడదు. మీ బడిలో మధ్యాహ్నం అన్నం వండే ఆవిడకి ఎప్పుడైనా శాలువా కప్పారా?

మావయ్య: ...లేదు.

మేనకోడలు: బాత్రూములు కడిగే ఆయాకి?

మావయ్య: గురుపూజోత్సవం కదమ్మా అది. గురువులకి.

మేనకోడలు: అదే నా మాట. మన వైపు దణ్ణాలన్నీ పై మెట్టుకే అందుతాయి. పాఠం చెప్పినవాడికి దండ, అన్నం పెట్టినామెకి ఆ దండలు తీసుకొచ్చి బల్ల మీద పెట్టే పని.

మావయ్య: ఘాటుగా అన్నావు, కానీ అబద్ధం కాదు. ఆవిడ పేరు నాకు బాగా గుర్తుంది. గోదారి వరదొచ్చి దారి మునిగిన రోజు కూడా పడవలో వచ్చి వంట చేసింది. నూట ఎనభై మందికి. ఇంకో సంగతి విను, మనసు కలుక్కుమంటుంది. 2024లో మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. మా కోనసీమ తల్లి ఆవిడ. లంకల గన్నవరంలో అర్ధరాత్రి తలుపు తట్టినా అన్నం పెట్టిన మనిషి. ఆ పేరు చూసి మా ఊరంతా పొంగిపోయాం. మరి ఆ పేరు మీద పొయ్యి దగ్గర నిలబడే మనిషికి ఎంతిస్తున్నారు? వెయ్యి రూపాయలుండేది, 2019 తరవాత 3,000 చేశారు. నెలకి. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. సరుకులు ముందు అప్పుచేసి వాళ్లే తెచ్చుకోవాలి, బిల్లులు ఎప్పుడొస్తాయో దేవుడికెరుక. గౌరవమంతా సీతమ్మగారి ఫొటోకి, పొగంతా ఈవిడ కళ్లకి. అందుకే నేను పదే పదే చెప్పేది, ఉత్త గౌరవాన్ని నమ్మకూడదని.

మేనకోడలు: మీరు చెప్పింది పూర్తిగా నిజం. కానీ ఆవిడకి జీతమూ తక్కువే, మాటా లేదు. రెండూ ఎగ్గొట్టారు. జీతం సర్కారు ఎగ్గొట్టింది. మాట మాత్రం మీరందరూ, టీచర్లంతా. పడవలో వచ్చిన రోజు ప్రార్థనలో పిల్లల ముందు ఆవిడ పేరు చెప్పడానికి ఏ జీవో కావాలి?

మావయ్య: ...అక్కర్లేదు. చెప్పి ఉండాల్సింది.

మేనకోడలు: రేపు రాత్రి మీరే చూద్దురు గాని. మా బస్సు డ్రైవరు వస్తాడు. రోజుకి రెండుసార్లు మట్టి రోడ్ల మీద పొలాల గేట్ల దగ్గర ఆగి ఆగి పిల్లల్ని ఎక్కించుకుంటాడు. ఈ ఏడాదితో మానేస్తున్నాడు. ఆరో తరగతి పిల్లలు ఆయన కోసం దారిలో ఉన్న గేట్లన్నీ గీసి ఒక మ్యాపు తయారు చేశారు. ఒక్కో గేటు దగ్గర అక్కడ ఎక్కే పిల్లాడి సంతకం. ముందే చెప్పేశాను, తెలియనట్టు కూర్చోండి.

మావయ్య: కూర్చుంటాను. చప్పట్లూ కొడతాను. అయితే నాదొక సలహా విను, హెడ్మాస్టరు బుర్రతో చెబుతున్నాను. ఆ పిల్లాడి తల్లి నీకు రాసిన నాలుగు వాక్యాలున్నాయే, అవే ఆవిణ్ణి విద్యాశాఖకి రాయమను. తేదీలతో సహా. ఫిబ్రవరిలో బల్ల కింద, ఆగస్టులో వరసలో. వాడి గంటలు ఎందుకు తగ్గించకూడదో దానికంటే మంచి కాగితం ఏ ఆఫీసులోనూ ఉండదు.

మేనకోడలు: ఆవిడ నాకు ప్రేమతో ఇచ్చింది మావయ్యా. దాన్ని నా ఉద్యోగానికి సిఫారసుగా మార్చమంటే నోరు రాదు.

మావయ్య: నీ ఉద్యోగానికి ఎవరడగమన్నారు? పిల్లాడి గంటల కోసం. నిన్నే వెయ్యమనక్కర్లేదు, వాడి పక్కన మనిషి ఉండాలని రాయమను. తల్లికి ఆ హక్కుంది. ఇందాక నువ్వే అన్నావు కదా, మొహమాటపడకూడదని.

మేనకోడలు: అలా అయితే అడగొచ్చు. ప్రిన్సిపాల్‌తో ముందు మాట్లాడతాను. వాడి నిధుల సమీక్షకి ఆవిడే కాగితాలు పంపాలి, సెలవులివ్వకముందే అయితే మంచిది.

మావయ్య: రేపు పొద్దున్నే మాట్లాడు. కేకులు తింటూ కాదు, దానికి ముందే.

మేనకోడలు: సరే. మరి మీరు?

మావయ్య: మా బడి పాత టీచర్లకి వాట్సాప్ గ్రూపు ఉంది. సెప్టెంబరు 5కి ఎవరెవర్ని పిలవాలో అందులోనే లిస్టు వేస్తారు. వంటామె పేరు పెట్టమని ఇవాళే రాస్తాను. కానీ ఆవిడ సంగతి నాకు తెలుసు. శాలువా పట్టుకెళితే, మాస్టారూ, ముందు నా బిల్లులు ఇప్పించండి అంటుంది.

మేనకోడలు: ఇప్పించండి మరి.

మావయ్య: ఎంఈవో ఆఫీసులో నా శిష్యుడే ఉన్నాడు. ఫోన్ చేస్తాను. ముందు బిల్లులు, తరవాతే శాలువా.

మేనకోడలు: బిల్లుల కోసం శాలువా ఆపకండి మావయ్యా. అవి ఎప్పటికొస్తాయో మీరే అన్నారుగా, దేవుడికెరుక.